అమెరికా పేరు మీద ఐదు వంటలు

నీళ్ల కోతకు ఇంకా 21 రోజులు

మూడో వంటశాల చిట్టా. చెప్తున్నది దుర్గం కొంరక్క, పెద్ద వంటమనిషి. పొద్దటి బువ్వ నూట ఎనభై మందికి. నీళ్లు ఎనభై ఎనిమిది డిగ్రీలకే మరిగినయ్. ఈ చంద్రుని సొరంగంల గాలి పల్చన, అంతకంటే వేడెక్కవు. పప్పు ఉడికేసరికి నా పాణం ఉడుకుతది.

చిట్టాల తూకాలు, డిగ్రీలే చెప్పాలె, కోపాలు చెప్పొద్దని నిరుడు ఒక తాకీదు వచ్చింది. ఆ తాకీదు రాసినోన్ని ఒక్క పూట వచ్చి ఈ పొయ్యి ముందల నిలబడమను. అప్పుడు మాట్లాడుదాం.

ఇయ్యాల ఇంకో తాకీదు. మనకు నీళ్లిచ్చే మంచు గుట్ట అడుగంటిందట. సొరంగంల ముప్పై రెండు మడులల్ల కూరగాయలు, గింజలు పండిస్తున్నం గదా, అండ్ల పన్నెండు మడులకు నీళ్లు బంద్. ఏవి ఉండాలె, ఏవి పోవాలె అన్నదానికి కమిటీ ఒక తెలివి చేసింది. ఈ సొరంగం తవ్వినోళ్లల్ల ఒక్కొక్క దేశపోళ్ల పేరు మీద ఐదు వంటలు రాయాలె. ఆ వంటలకు కావాల్సిన మొక్కలకే నీళ్లు. మిగిలినయి పీకేసి, విత్తనాలు దంచి పిండిల కలుపుతరు.

తెలుగోళ్ల ఐదు ముందే ఒడిసినయ్. పప్పు బువ్వ, పచ్చిపులుసు, పుంటికూర, సర్వపిండి, మక్క గటక. వాటి మీద నాలుగు రోజులు లొల్లి. బిర్యాని ఏదని ఒకాయన నిజంగనే ఏడ్చిండు.

అమెరికోళ్ల ఐదు మాత్రం నా మెడకు చుట్టిన్రు. అమెరికల పుట్టినోళ్లల్ల ఇప్పుడు ఒక్క వెర్నవ్వనే మిగిలింది. ఎనభై ఒక్కేండ్లు. మా నాయిన బెల్లంపల్లి బొగ్గుబాయి నుంచి ఈ సొరంగం తవ్వనీకి వచ్చినట్టే ఆమె కెంటకీ బొగ్గుబాయి నుంచి వచ్చింది. బతికున్న ఆ ఒక్క మనిషిని కూడ అడగకుండ కమిటీ వాళ్లే ఐదు రాసి పంపిన్రు. బర్గర్, హాట్ డాగ్, పిజ్జా, ఫ్రైడ్ చికెన్, డోనట్. కింద నన్ను బొటనవేలు పెట్టుమన్నరు.

పెట్టలే.

ఇంకా 19 రోజులు

కమిటీ ఐదు వంటలు నమూనాకు చేసిన. చేసుడేముంది నా తలకాయ. సొరంగంల ఆవు లేదు, కోడి లేదు, పంది లేదు. పెద్ద తొట్టిల పుట్టగొడుగు ముద్ద పెరుగుతది, అన్నిటికి అదే దిక్కు. మా మొగిలి ఆ ముద్దను గుండ్రంగ ఒత్తితే బర్గర్, పొడుగ్గ ఒత్తితే హాట్ డాగ్, పిండిల ముంచి వేయిస్తే ఫ్రైడ్ చికెన్. పల్చగ పరిచి ఎర్రది పూస్తే పిజ్జా. నడుమ బొక్క పెట్టి చక్కెర చల్లితే డోనట్.

"ఒకటే దొర, ఐదు అంగీలు, కొంరక్కా," అన్నడు మొగిలి. పదహారేండ్ల సంది నా దగ్గర చేస్తుండు, నవ్వకుండ ఒక్క మాట మాట్లాడడు.

కమిటీ పెద్ద నిరంజన్ సారు వచ్చి అన్నీ రుచి చూసిండు. బాగున్నయన్నడు.

"సారూ, వీటి కోసం ఒక్క మడి కూడ అక్కర లేదు గదా?" అని అడిగిన.

"అదే గదా సుఖం. అమెరికా కింద నీళ్ల ఖర్చు సున్న. పైగా చూడంగనే ఎవరైనా గుర్తుపడతరు."

"గుర్తుపట్టుడు వేరు, తినుడు వేరు సారూ. మీరెప్పుడన్న అమెరికా పోయిన్రా?"

"నువ్వు పోయినవా?"

"పోలే. అందుకే ఆడి నుంచి వచ్చినామెను అడుగుదామంటున్న."

"అడుగు, ఎవరొద్దన్నరు? వేలు మాత్రం యాళ్లకు పెట్టు," అని మూతి తుడుచుకొని పోయిండు.

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. ఆడ అడుగు పెట్టినోడు ఒక్కడు లేడు, ఆడి మనుషులు ఏం తింటరో బొమ్మలు చూసి రాసిన్రు. బర్గర్ అమెరికాది కాదని నేననను. అయితది. కాని ఒక దేశం మొత్తం మడి అక్కర లేని తిండి తిని బతికిందంటే నాకు నమ్మబుద్ధయితలేదు. ఏ దేశపోళ్లైనా మట్టిల చెయ్యి పెట్టకుండ పెరిగిన్రా?

ఇంకా 18 రోజులు

మధ్యాహ్నం పదిహేడో మడి కాడికి పోయిన. అది వెర్నవ్వ మడి. నలభై ఏండ్లు ఈ సొరంగం పైపులు బిగించింది, ఇప్పుడు ఆ మడి కాడనే కూసుంటది. తెలుగు మాకంటె మంచిగొచ్చు. తిట్లయితే ఇంకా మంచిగొచ్చు.

మడి నిండ చిక్కుడు తీగె. మామూలు చిక్కుడు కాదు, కాయ మీద నూగు ఉండది, నూనె రాసినట్టు నున్నగ మెరుస్తది. మీద పైపులకు కాయలు గుచ్చిన దారాలు దండల లెక్క వేలాడుతున్నయ్, కొన్ని పచ్చివి, కొన్ని ఎండి ముడుసుకపోయినయి.

"అవ్వా, మీ ఊర్ల ఏం తింటుంటివి? బర్గర్లేనా?"

"తిన్న. యాడాదికి రెండుసార్లు, టౌనుకు పోయినప్పుడు. మస్తు రుచుంటుండె. ఏ దినం తిన్ననో కూడ యాదున్నది. యాదున్నదంటే ఏందన్నట్టు? రోజూ తినలేదన్నట్టు."

"మరి రోజూ?"

"ఇవే," అని దారాలు చూపెట్టింది. "చిక్కుళ్లు, మక్క రొట్టె, పచ్చి ఉల్లిగడ్డ. ఆలుగడ్డ వేపుడుంటే ఆ దినం పండుగ. కాయ లేతగున్నప్పుడు ఈనె తీసి సూదీ దారంతోని గుచ్చి మా అమ్మ పొయ్యి ఎనక వేలాడదీసేది. చలికాలం రాత్రంతా నానబెట్టి, పొద్దుగాల పొయ్యెక్కిస్తే పొద్దుగూకే దాక ఉడికేది. ఎవరింట్ల చావైనా మా అమ్మ ఆ గిన్నె పట్టుకొని పోయేది. ఏడ్చేటోళ్లకు వండుకునే ఓపికుండది గదా."

ఇంకో కాయ ఈనె తీసింది. "నా మొగడు పోయినప్పుడు మీరంతా బువ్వ, పప్పు తెచ్చిన్రు. తిన్న. కాని అది అది కాదు గదా బిడ్డా."

ఆ పప్పు గిన్నె పట్టుకొని పోయింది నేనే.

విత్తనాల సంగతి అడిగిన. ఈ సొరంగం గాలికి విత్తనం రెండేండ్ల కంటె ఎక్కువ బతకదట. భూమ్మీద నుంచి అంగి జేబుల గుప్పెడు తెచ్చుకున్నది, యాభై ఏండ్ల సంది ఒక్క పంట ఎగ్గొట్టకుండ వేసుకుంట వస్తున్నది. మడి బంద్ అయ్యి, విత్తనాలు దంచిన్రంటే ఇగ లేనట్టే. చంద్రుని మీద లేవు, ఇంకెక్కడన్న ఉన్నయో లేవో ఎవరికి ఎర్క.

"అవ్వా, డోనట్ తీసేసి ఇది పెడత. చూడు నువ్వు," అన్న.

"పెడతవా? పెట్టు, చూద్దాం," అని నా మొకం దిక్కు అదో తీరుగ చూసింది. ఎందుకట్ల చూసిందో అప్పుడు నాకు సమజ్ కాలే.

ఇంకా 15 రోజులు

ఈ చిట్టాల ఇయ్యాల డిగ్రీలు లేవు. బువ్వ మొగిలి వండిండు.

కమిటీ ఆఫీసుకు పోయి అమెరికా వంటలల్ల వెర్నవ్వ చిక్కుళ్లు రాయుమన్న. ఆడ కూసున్న పిల్ల పదిహేడో మడి తెరిచి చూసింది. తెర మీద ఇట్లున్నది: 'తెలుగు. చిక్కుడు ఒరుగులు. తెలుగు ఐదింటిలో లేనందున తొలగింపు.'

"తెలుగేంది? ఏ గాడిద రాసింది?" అని ఒర్రిన.

పాపం ఆ పిల్ల భయపడి, తొమ్మిదేండ్ల కింద మడులు లెక్క రాసినప్పటి మాటలు వినిపించింది. ఒక ఆడామె గొంతు. మస్తు సంబురంగ ఉన్నది. "ఇవి మన ఒరుగులే అయ్యా! మా బెల్లంపల్లిల మా నాయినమ్మ గోకరకాయలు ఇట్లనే ఎండబెట్టేది. మనవే, మనవే. రాస్కో."

ఆ గాడిదను నేనే.

అప్పుడు యాదికొచ్చింది. మడులు లెక్క రాసేటాయనతోని నేనూ తిరిగిన ఆ దినం. పైపుల మీద ఆ దండలు చూడంగనే నా కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. ఆరేండ్లప్పుడు నాయినమ్మను ఇడిసిపెట్టి ఇక్కడికి వచ్చిన, మల్ల చూడలే. వెర్నవ్వను రెండు దారాలు అడుక్కొని తెచ్చి, ఎల్లిపాయలు దంచి, ఎండు మిరపకాయ, ఆవాలు, జీలకర్రతోని పోపు పెట్టిన. ఇక్కడ బరువు తక్కువ గదా, ఆవాలు చిటపటమంటే కప్పు దాక ఎగురుతయ్, మూత లేకుండ పోపు పెట్టరాదు. ఆ దినం మూత మర్చిపోయి నెత్తి నిండ ఆవాలు ఏరుకున్న. పంక్తిల అందరు పల్లేలు నాకిన్రు. అప్పటి సంది నెలకొకసారి 'కొంరక్క ఒరుగుల కూర'. సొరంగంల పుట్టిన పిల్లలకు అది బెల్లంపల్లి కూర అనే ఎర్క.

అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, ఆమె పంట తెచ్చి మా నాయినమ్మ పేరు మీద వడ్డించిన. కమిటీ వాళ్లు బొమ్మలు చూసి రాసిన్రని మొన్న నోరు పారేసుకున్న. నేనేం చూసి రాయించిన? ఎండిన కాయ కనపడంగనే మనదే అని మీద పడ్డ. దాని ఎనక ఒక మనిషి నిలబడ్డది, ఆమె దిక్కు చూడలే.

సిగ్గయితున్నది. సిగ్గు కంటె ఎక్కువ కోపమొస్తున్నది, ఎవని మీద తియ్యాల్నో తెలుస్తలేదు.

ఇంకా 14 రోజులు

పోయి అడిగిన. "అవ్వా, నేను మనవే అని రాయించినప్పుడు నువ్వు ఆడనే ఉన్నవా?"

"ఈడనే, ఈ పీట మీదనే కూసున్న."

"మరి ఎందుకు చెప్పలే?"

"నువ్వు ఏడుస్తున్నవు. మా నాయినమ్మ, మా నాయినమ్మ అనుకుంట. ఏడ్చేదాని ముందల నిలబడి ఇది నాదని ఎట్లంట? రేపు చెప్దామనుకున్న. ఎల్లుండి చెప్దామనుకున్న. మీ వాళ్లు పల్లేలు నాకబట్టిన్రు. ఇగ ఏం చెప్త?"

"కోపం రాలేదా?"

"రాలేదా?" సూదిని గుడ్డల గుచ్చి పక్కకు పెట్టింది. "మీ మొగిలి పెండ్లిల నా పక్కన కూసున్నామె నాకు అదే కూర వడ్డిచ్చి ఏమన్నదో తెల్సా? 'తిను అవ్వా, మా తెలుగు వంట నీకు అలవాటు కావాలె' అన్నది. నా చిక్కుళ్లు! నాకు! తొమ్మిదేండ్లు మింగిన కొంరా. అన్నంల రాయి మింగినట్టు మింగిన."

నేను ఆమె కాళ్లు పట్టుకుందామని వంగిన. కాళ్లు ఎనకకు గుంజుకున్నది. "కాళ్లు కాదు, ఆ రాసింది తీపియ్యి," అన్నది.

ఇంకా 11 రోజులు

నిరంజన్ సారు ఒక ఉపాయం చెప్పిండు. తెలుగు ఐదింట్ల సర్వపిండి తీసేసి ఒరుగుల కూర పెట్టుమన్నడు. సర్వపిండికి బియ్యప్పిండే గదా, వరి ఎట్లాగూ పప్పు బువ్వ కింద ఉంటది, ఏదీ పోదు. పదిహేడో మడికి నీళ్లొస్తయ్, వెర్నవ్వ చిక్కుళ్లు బతుకుతయ్. "పేరుదేముంది కొంరక్కా? మొక్క బతుకుడు ముఖ్యం."

నిజం చెప్తున్న, నా మనసు గుంజింది. వేలు పెడితే అయిపోతది. కాని ఒకసారి ఆమెను అడగకుండ వేలు పెట్టిన మొకం నాది, రెండోసారి పెట్టలేను. పోయి చెప్పిన.

వెర్నవ్వ ఒక దారం మొత్తం గుచ్చి ముడేసింది.

"నాకు ఎనభై ఒకటి," అన్నది. "నేను పోయినంక ఇది ఎవరిదని అడిగితే ఆ తెర ఏం చెప్తది? బెల్లంపల్లిది అంటది. మా అమ్మ చేతులు సూదికి గుచ్చుకొని పుండ్లయినయ్, ఆమెది కాదంటది. బతకాలంటే మీ ఇంటిపేరు పెట్టుకొని బతకాల్నా? వద్దు. దాని పేరు మీద ఉంటే ఉండని. లేకుంటే పీకని."

"పీకితే మల్ల రాదవ్వా!"

"నాకు తెల్వదా? నీకంటె ఎక్కువ తెల్సు."

మొండి ముసల్ది. ఆమె మీద కూడ మండింది నాకు. అయినా ఆమె చెప్పిన మాటనే పోయి సారుకు చెప్పిన. ఆయనకూ మండింది.

"నాకు సుఖమా ఇది? ఒక్కొక్క మడి రోజుకు నలభై లీటర్లు తాగుతది. పన్నెండు మడుల మనుషులు పొద్దున లేస్తే నా గుమ్మం ముందల ఉంటుండ్రు. నాకు నీళ్లెక్కడియి?" అని గొంతు పెంచి, మల్ల తగ్గించిండు. "రూలు ఒకటున్నది. వంట ఎవరిదో తేలకుంటే చీటీలు తీసి ముప్పై మందిని కూసోబెడతం. తిని చెప్తరు. ముప్పైమందీ మనది కాదనాలె, ఆపైన నాదని ఒక మనిషి లేచి నిలబడాలె. రెండు అయితేనే పేరు మారుతది. కాని తొమ్మిదేండ్లు నీ చేతి కూర తిన్న ముప్పై మంది ఏమంటరో నీకు ఎర్కనే."

ఎర్కనే. అందుకే ఇయ్యాల బువ్వ సయించలే.

ఇంకా 4 రోజులు

రూలు ప్రకారం ముప్పై మందిని కూసోబెట్టి అడిగే పంక్తి రేపే. రాత్రి నానిన చిక్కుళ్లు పొద్దున పొయ్యెక్కినయ్, ఎనభై ఎనిమిది డిగ్రీల మీద తొమ్మిది గంటలు. వెర్నవ్వ వచ్చి నా పొయ్యి పక్కన పీట వేసుకొని కూసున్నది. అవునా కాదా, ఇది నా వంటశాల!

"ఉప్పు, నూనె," అన్నది. "మా అమ్మ పంది కొవ్వు ఏసేది, ఈడ అదెక్కడ ఏడ్చింది? నూనెనే ఎయ్యి."

"రెండు ఎల్లిపాయలు?"

"ఒద్దు."

"జర జీలకర్ర, అవ్వా. కండ్లకు కనపడదు కూడ."

"కొంరా, ఆ డబ్బా కింద పెట్టు."

"చప్పగుంటే ఎవరు తింటరు? ఎవరు చెయ్యెత్తుతరు? నీ మడి కోసమే గదా నేను కొట్లాడుతున్న! ఒక్క చెంచ పోపు పెడితే నీ తాత సొమ్మేం పోతది?"

"పోయింది గదా తొమ్మిదేండ్లు!" అని నా మీదికి లేచింది. గంటె ఎత్తితే కొడతదేమో అనుకున్న.

మొగిలి నడుమ దూరి ఇద్దరికి చాయ్ ఇచ్చిండు. తొమ్మిది గంటలు ఆ గిన్నె పక్కన చేతులు కట్టుకొని కూసున్న. నా చేతులకు దురద. ముప్పై ఏండ్ల వంటల పోపు పెట్టకుండ దించిన గిన్నె ఇదొక్కటే.

ఇంకా 3 రోజులు

పంక్తి అయిపోయింది. జరిగింది జరిగినట్టు చెప్తున్న.

ముప్పై మంది కూసున్నరు, అందరు తెలుగోళ్లే. పల్లెంల మక్క రొట్టె, ఉల్లిగడ్డ ముక్క, నడుమ ఈ చిక్కుళ్లు. నీళ్ల రంగు, మట్టి వాసన. ఒరుగుల కూర అనుకొని ఆశగ మొదటి ముద్ద పెట్టుకున్నరు. అందరి నోళ్లు ఒక్కసారే ఆగినయ్.

"కొంరక్కా, పోపు మర్చినవా?" అన్నది ఒకామె.

"దవాఖాన కూరనా ఇది? ఎవరికి జరమొచ్చింది?"

"మా ఇంట్ల ఇట్ల వండితే గిన్నె బయట పడేస్తుంటి."

వెర్నవ్వ మూలకు కూసొని ఒక్కొక్క మాట వింటున్నది. దవడలు బిగిసినయ్ ఆమెకు. నాకు నెత్తురు మరిగింది. ఈ గంటె తీసి ఒక్కొక్కని నెత్తి మీద ఎయ్యాలె అనిపించింది. ఒక మనిషి తల్లిని ముందల పెట్టుకొని తిడుతున్నట్టే ఉన్నది నాకు.

నిరంజన్ సారు కూడ రెండు ముద్దలు తిని పల్లెం జరిపిండు. "నువ్వు బాధ పడొద్దు కొంరక్కా," అన్నడు మెల్లగ. "ఇది మన వంట కానే కాదు."

నోరు తెరిచిన ఆయన్ను కడిగేద్దామని. తెరిచి అట్లనే నిలబడ్డ.

"సారూ," అన్న. "ఏమన్నరు?"

"అంటే, ఇట్ల చప్పగ మనోళ్లు ఎవరు వండుతరు అని..."

"అదే మాట ఆ సాక్ష్యాలు రాసుకునే మిషన్‌ల చెప్పుండ్రి. మనది కానే కాదని. గట్టిగ చెప్పుండ్రి."

ఆయన మొకంల రంగు మారింది. తెలివిగల్ల మనిషి, ఎంటనే అర్థమయింది. ఉన్నదున్నట్టు మిషన్‌ల చెప్పిండు, అది మాత్రం మెచ్చుకోవాలె. తర్వాత నేను మిషన్ పట్టుకొని పంక్తి పంక్తంతా తిరిగిన. "నీదా?" "ఛీ, నాది కాదు." "నీదా?" "మా ఇంటావంటా లేదు." "నీదా?" "మాది కాదు, మా పగోళ్లది కూడ కాదు." ముప్పైకి ముప్పై. తిట్టిన నోళ్లే సాక్ష్యం చెప్పినయ్, ఒక్కడు కూడ మనదనలే.

తొమ్మిది గంటలు నేను ఆ ముసల్దానితోని కొట్లాడిన, రెండు ఎల్లిపాయలు ఎయ్యమని. ఏసి ఉంటే ముప్పై మందీ మనదే అంటుండిరి, అంతా నా చేతులతోనే పోతుండె.

"మనది కాదని తేలింది," అన్నడు సారు. "ఎవరిదో వాళ్లు లేవాలె."

వెర్నవ్వ లేచింది. నేను చెయ్యందిస్తే నూకేసింది.

"నా పేరు వెర్నా కాడిల్. మా అమ్మ పేరు బెర్తా. ఆమె తల్లి పేరు ఆర్మిండా. నాకు తెల్సినంత వరకు వీటిని దారానికి గుచ్చింది ఆ ముగ్గురు, నేను. బాయిల మనుషులు పోయినప్పుడు గుచ్చినం, మంచు పడి తొవ్వ మూసుకపోయినప్పుడు వీటితోనే బతికినం. ఇయి నాయి." పంక్తి మొత్తం ఒకసారి చూసింది. "చప్పగున్నదంటున్రు. ఉంటది. మీకు నచ్చాలని మా అమ్మ వండలే."

దవాఖాన కూర అన్నోడు తల దించుకొని ఉల్లిగడ్డ కొరుక్కుంట కూసున్నడు.

ఆఫీసు పిల్ల వంట పేరేందని అడిగింది. "షకీ బీన్స్," అన్నది వెర్నవ్వ. తొమ్మిదేండ్లల్ల ఆ పేరు నేను ఆమెను ఒక్కసారి అడగలే. ఇప్పుడు తెర మీద చూసిన.

"మరి నలభై లీటర్లు?" అన్నడు నిరంజన్ సారు, నా దిక్కు తిరిగి. "పేరు మారింది. నీళ్లు పుట్టలే."

"నా వంటశాల గిన్నెలు కడిగే నీళ్లల్ల కొయ్యుండ్రి," అన్న.

ఎనక నుంచి మొగిలి "కొంరక్కా!" అని ఒర్రిండు. ఇగ నూట ఎనభై పల్లేలు ఇసుకతోని తోముడే. మొదటిసారి వాడు నవ్వకుండ మాట్లాడుడు చూసిన, ఆ మాటలు చిట్టాల పెట్టను.

ఇంకా 2 రోజులు

పొద్దటి బువ్వ నూట ఎనభై మందికి, ఎనభై ఎనిమిది డిగ్రీలు. అమెరికా వంటలు: బర్గర్, హాట్ డాగ్, పిజ్జా, ఫ్రైడ్ చికెన్, షకీ బీన్స్. వేలు పెట్టిన. డోనట్ పోయిందని పిల్లలు నన్ను చూసి మొకం తిప్పుకుంటున్నరు, తిప్పుకోనియ్. తొమ్మిదేండ్ల కింది నా మాట కూడ తీసెయ్యుమన్న. తీసెయ్యరాదట, కింద ఇంకో మాట చేర్చొచ్చట. "నేను తప్పు చెప్పిన. దుర్గం కొంరక్క," అని చేర్చిన.

మధ్యాహ్నం వెర్నవ్వ తినిపోదువు రమ్మని పిలిచింది. మిగిలిన చిక్కుళ్లే, మక్క రొట్టెతోని. పీట మీద ఎదురుంగ కూసొని నా నోరే చూస్తున్నది.

"ఎట్లున్నది?"

ముప్పై ఏండ్ల సంది వంట చేస్తున్న నేను, అబద్ధం చెప్తే ఆమె పట్టేస్తది. "చప్పగున్నదవ్వా. నాకు నచ్చలే."

"నీ ఒరుగుల కూర నాకు ఒక్కసారన్న నచ్చిందనుకున్నవా? కడుపుల మంట రెండు రోజులుండేది."

"మరి ఊకె తింటివి గదా, నెల నెలా?"

"నా చిక్కుళ్లు గదనే. ఇంకెట్ల తినాలె మరి?" అన్నది. గంటె పట్టుకొని నా దిక్కు చూసింది. "ఇంకొంచెం ఎయ్యాల్నా?"

"ఎయ్యి," అన్న.

ఏసింది. పల్లెం ఖాళీ అయ్యేదాక లేవలే.